ఖాళీ బండి వణుకు

ఆరో తరగతి పరీక్ష రోజు పొద్దున మా నాయన ట్రాక్టరు కింద పడుకొని, "అబ్బయ్యా, ఈ నట్టు రవ్వంతసేపు పట్టుకో, పరీక్షకు ఇంకా టైముండాది" అన్నాడు. పట్టుకున్నా. పోయిన ఉగాదికి వదిలినా. మధ్యలో జుట్టు పోయింది, వినికిడి సగం పోయింది, ముందు పన్ను ఒకటి జాకీ రాడ్డు తీసుకుపోయింది. పరీక్ష మాత్రం ఇప్పటికీ బాకీ ఉండాది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లోళ్ళ కోసం నాలుగు మాటలు రాసిపెట్టమని మా తమ్ముని కొడుకు అడిగినాడు. వాడు ఐటీఐ చదివి, హిందూపురం కాడ లారీల షోరూములో చేరినాడు. "నాలుగు మాటలు చాలా?" అన్నా. "నువ్వు నాలుగు మొదలుపెడితే నలభై అయితాది పెద్దనాయనా, నాకు ఆ భయం లేదు" అన్నాడు. మా వంశంలో నోటికి తాళం లేదు.

ఎప్పుడు చేరినా, ఎంత జీతం, ఎవరు శాలువా కప్పినారు అనేవి రాయను. శాలువా ఎవరూ కప్పలేదు కాబట్టి ఆ అధ్యాయం సులభంగా అయిపోయింది. ప్రమోషన్ కూడా లేదు. నాకు ప్రమోషన్ రావాలంటే మా మేస్త్రీ షెడ్డు వదలాల. ఆయన వదిలే రకం కాదు. కాబట్టి ఒక బండి సంగతి చెప్తా. ఈ పని అంటే ఏమిటో నాకు ఆ బండి చెప్పింది.

మూగ సగం

లారీ మెకానిక్ అంటే బండి కింద పడుకునే మనిషి అనుకుంటారు. నిజమే, నేను ఆకాశం కంటే గేరుబాక్సు అడుగునే ఎక్కువ చూసినా. కానీ పడుకోవడం పనిలో సులభమైన భాగం. కష్టమైంది వినడం. ఒక బండి షెడ్డుకు వస్తే ముగ్గురు మాట్లాడతారు. ఓనరు ఖర్చు గురించి మాట్లాడతాడు. డ్రైవరు తన నడుము గురించి మాట్లాడతాడు. బండి ఒక్కటే తన గురించి తాను మాట్లాడుతుంది, కానీ మనం అడిగినప్పుడు కాదు, దానికి బుద్ధి పుట్టినప్పుడు.

ఇప్పటి బండ్లకు కంప్యూటరు తగిలిస్తే ఇంజను తన రోగం తానే చెప్పుకుంటుంది. కొంతమంది పాత మేస్త్రీలు దాన్ని ఎగతాళి చేస్తారు. నేను చెయ్యను. మేము ఒక్కో సిలిండరు పైపు వదులు చేసి, ఏది దగ్గుతాందో చెవి పెట్టి వినేవాళ్ళం. ఆ యంత్రం అప్పుడే ఉండుంటే నా చెవులు ఇప్పుడు మా ఆడమనిషి చెప్పే మాటలు వినడానికి మిగిలేవి. అది మంచిదో చెడ్డదో వేరే సంగతి.

అయితే ఇరుసు మీద బండి బరువు మోసే కమాను పట్టీకి వైరు లేదు. ఇంజను వెనక నుంచి చక్రం దాకా ఉండే సగం బండి ఇంకా మూగదే. దాని మాట మీరు ఒంటితో వినాల. కూర్చునే చోటుతో, అరికాళ్ళతో, స్టీరింగు పట్టుకున్న అరచేతితో. నేను చెప్పబోయేది ఆ మూగ సగం సంగతి.

రామాచారి కట్ట

మా షెడ్డు పెనుకొండలో, రోడ్డు వారగా. మేస్త్రీ పేరు రామాచారి. కమ్మరోళ్ళ ఇంట్లో పుట్టినాడు. వాళ్ళ నాయన నాగళ్ళకు కర్రు సాగదీసిన కొలిమిలోనే ఈయన లారీలకు కమాను పట్టీలు వంచినాడు. ఇనుము ఎర్రగా కాలిందా, నారింజ రంగుకు వచ్చిందా అని చూసే కన్ను ఆయనది. మనిషి కోపం మాత్రం ఎప్పుడూ ఎరుపే.

మా పక్క ఒక ఆచారం ఉండాది. కొత్త లారీ కొంటే గుడికి తీసుకుపోయే ముందే కమాన్ల షాపుకు తీసుకుపోతారు. కంపెనీవాళ్ళు ఇచ్చిన పట్టీల కట్ట చాలదని, పైన ఇంకో రెండు పట్టీలు వేయిస్తారు. తర్వాతే నిమ్మకాయలు, కొబ్బరికాయ. దేవుడు కాపాడతాడో లేదో గానీ పట్టీ మోస్తాదని మావాళ్ళ నమ్మకం. గోరంట్ల నుంచి, ఓబులదేవరచెరువు నుంచి కూడా రామాచారి చేతి పట్టీల కోసం వచ్చేవాళ్ళు. తాను వంచిన ప్రతి పట్టీ చివర ఆయన ఉలితో చిన్న నెలవంక కొట్టేవాడు. లారీ స్టాండులో డ్రైవర్లు బండి వెనక వంగి ఆ నెలవంక చూసి, "ఇది రామాచారి కట్టరా" అనుకునేవాళ్ళు. ఆడపిల్లకు పుట్టింటి నగ ఎట్లనో లారీకి ఆ గుర్తు అట్ల.

నీతులు చెప్పను గానీ ఒక మాట ఇక్కడే చెప్తా. పట్టీ వేస్తే బండికి మోసే బలం పెరుగుతాది. ఆపే బలం పెరగదు. బ్రేకులు కంపెనీవాడు ఇచ్చినవే. ఈ మాట నేను ఎంతమంది ఓనర్లకు చెప్పినానో. అందరూ తల ఊపి, "సరేలేప్పా, పట్టీలు గట్టిగా వెయ్యి" అన్నారు.

షెడ్డులో మేస్త్రీ పెట్టిన రూలు ఒకటి ఉండేది. రిపేరు అయినాక బండిని ట్రయల్ చూడాలంటే లోడుతోనే చూడాల. "ఖాళీ బండి ట్రయలు, ఆకలి లేనోని ముందర అన్నం ఉడికిందా అని అడిగినట్టు" అనేవాడు. ఆ రూలు చాలా బండ్లను కాపాడింది. క్లచ్చు జారడం, గేరు పడిపోవడం, ఇంజను ఊపిరాడకపోవడం, అన్నీ బరువు మీదనే బయటపడతాయి. అందుకే మేమెవరమూ దాన్ని ఎప్పుడూ తిప్పి అడగలేదు.

అత్తగారి ఊరి దగ్గర విరిగే క్రాసు

ఫోన్లలో వాట్సాప్ కొత్తగా వచ్చిన రోజులవి. హిందూపురంలో సత్యనారాయణ శెట్టి అని బండల వ్యాపారి. ఇండ్లకు పరిచే నల్లబండలు తాడిపత్రి నుంచి తెప్పించి అమ్ముతాడు. ఆయన లారీ హిందూపురం నుంచి ఖాళీగా బయలుదేరి, పెనుకొండ, ధర్మవరం మీదుగా తాడిపత్రి పోయి, బండలు నింపుకొని అదే దారిలో వెనక్కి వస్తాది. దానికి రామాచారి పట్టీలు రెండు ఎక్కించినాడు, మామూలు కంటే వంపు ఎక్కువ పెట్టి. శెట్టి అడిగినాడు, ఈయన పెట్టినాడు.

డ్రైవరు ఓబులేసు. మంచి చెయ్యి. గేరు మారిస్తే బండికి తెలిసేది కాదు, పక్కన కూర్చున్నోనికి అసలే తెలిసేది కాదు. తాగడు. అందుకే స్టాండులో వానికి స్నేహితులు తక్కువ.

ఆ బండికి క్రాసులు విరగడం మొదలైంది. తెలియనివాళ్ళ కోసం చెప్తా. గేరుబాక్సు నుంచి వెనక ఇరుసు దాకా తిరుగుడును మోసుకుపోయే పొడుగాటి ఇనుప గొట్టం ఉంటాది, దాన్ని జాయింటు అంటాం. అది రెండు ముక్కలు, మధ్యలో ఒక బేరింగు వేలాడదీసి పట్టుకొని ఉంటాది. గొట్టం వంగి తిరగాల్సిన ప్రతి చోటా కూడిక గుర్తు మాదిరి ఒక ముక్క ఉంటాది. అదే క్రాసు. మంచిది వేస్తే ఏండ్ల తరబడి రావాల. శెట్టి బండికి వారాల్లో పోయేది. ఇంకో విచిత్రం, ప్రతిసారీ ధర్మవరం ఈ పక్కనే, ఒకే పల్లె చుట్టుపక్కలే విరిగేది. ఆ పల్లె ఓబులేసు అత్తగారి ఊరు.

ఇంకేముండాది. షెడ్డులో మాకు పండగ. "ఏమప్పా ఓబులేసూ, మీ అత్త కోడి పులుసు వాసన క్రాసుకు కూడా తెలిసిపోయిందా?" అని నేనే మొదలుపెట్టినా. వాడు నవ్వలేదు.

"నీకు నవ్వులాట రమణన్నా. బండి ఖాళీగా పోతాంటే కాళ్ళకు తేనెటీగలు పట్టినట్టు ఉంటాది. పెనుకొండ దాటి దిగుడులో పడినాక ఇంకా ఎక్కువ. లోడు ఎక్కినాక ఏమీ ఉండదు" అన్నాడు.

మేస్త్రీ కొలిమి దగ్గర నుంచే, "ఖాళీ కడుపుతో ఉంటే ఎవుడైనా వణుకుతాడు, తిని తోలు" అన్నాడు. అందరం నవ్వినాం. క్రాసు మార్చినాం, లోడు ఎక్కినాక ట్రయల్ చూసినాం. బండి పెండ్లికొడుకు మాదిరి నడిచింది. పంపించినాం. మళ్ళీ అదే పల్లె దగ్గర విరిగింది.

ఈసారి శెట్టి స్వయంగా షెడ్డుకు వచ్చినాడు. ఆయన మంచి మనిషే, కానీ అనుమానం వస్తే దాన్ని పెంచి పెద్ద చేసే ఓపిక ఉన్న మనిషి. "ఆచారీ, నిజం చెప్పు. నా బండిలో తప్పుందా, తోలేవానిలో తప్పుందా?" అని అడిగినాడు.

రామాచారి చేతిలో పట్టకారు ఉండాది, పట్టకారులో ఎర్రటి ఇనుము ఉండాది. అది చల్లారకముందే కొట్టాల. తల ఎత్తకుండానే, "నా కట్ట వేసిన బండిలో తప్పెందుకుంటాది శెట్టిగారూ. తోలేవాని చేతిలోనే ఏదో ఉండాది" అని సుత్తి దించినాడు.

ఇనుము కోసం అన్న మాట అది. తొందరలో అన్నది. కానీ శెట్టి దాన్ని తీర్పు మాదిరి తీసుకొని హిందూపురం పోయినాడు. లారీ స్టాండులో, టీ అంగడి ముందర, అందరూ చూస్తాండగా ఓబులేసు చేతిలో తాళాలు గుంజుకున్నాడు. "అత్తగారింట్లో పండుకోవడానికి నా బండి విరగ్గొడతావా? మేస్త్రీనే చెప్పినాడు" అన్నాడు. ఎవుడో ఆ రగడను ఫోనులో పట్టి డ్రైవర్ల గ్రూపులో వేసినాడు. సాయంత్రానికి పుట్టపర్తి దాకా పాకింది.

మీకు ఇది చిన్న సంగతిగా అనిపించవచ్చు. డ్రైవరుకు పొలం ఉండదు, అంగడి ఉండదు. వాని ఆస్తంతా వాని చేతి మీద ఓనర్లకు ఉండే నమ్మకం. బండి విరగ్గొట్టే డ్రైవరని పేరు పడితే స్టీరింగు ఇచ్చేవాడు ఉండడు. ఓబులేసు హిందూపురంలో అడిగినాడు, ధర్మవరంలో అడిగినాడు. చివరికి గోరంట్ల కాడ కూలికి ట్రాక్టరు తోలుతాండాడని తెలిసింది. పది చక్రాల బండిని సందులో వెనక్కి తోలిన మనిషి.

నా కాళ్ళకు తేనెటీగలు

కొత్త డ్రైవరు దొరికేలోపల శెట్టికి బండలు అర్జెంటు అయినాయి. బండి మా షెడ్డులోనే ఉండాది, కొత్త క్రాసులు వేసి; శెట్టి తాళాలు పంపించినాడు. నాకు లైసెన్సు ఉండాది. "రమణా, నువ్వే పోయి తెచ్చెయ్యి. ఎట్లనూ నీ నోరు ఖాళీగా ఉండాది, బండి కూడా ఖాళీ, సరిపోతాది" అన్నాడు మేస్త్రీ. పోయినా.

ఖాళీ బండి. పెనుకొండ దాటినాక దిగుడు, మంచి రోడ్డు. వేగం అందుకునేసరికి పెడల్ మీద కాలు జివ్వుమంది. రోడ్డు వల్ల అనుకున్నా. రోడ్డు నున్నగా ఉండాది. ఇంజను వల్ల అనుకొని న్యూట్రల్ చేసి చూసినా, ఇంజను మాట తగ్గింది గానీ జివ్వుమనడం తగ్గలేదు. అంటే చక్రాలతో పాటు తిరిగేది ఏదో వణుకుతాంది. సీటు కింద, నడుము వెనక, సరిగ్గా జాయింటు పోయే దారిలో.

తేనెటీగలు. ఓబులేసు వాడిన మాట తప్ప ఇంకో మాట దొరకలేదు నాకు. మా షెడ్డంతా నవ్విన మాట అది.

రోడ్డు వారగా ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, కింద దూరినా. బండి వెనక భాగం ఎత్తుగా నిలబడి ఉండాది, కోపమొచ్చిన పిల్లి నడుము ఎత్తినట్టు. వంపు ఎక్కువ పెట్టిన పట్టీలు బరువు లేకపోయేసరికి చాసీని, అంటే బండి అడుగు చట్రాన్ని, పైకి ఎగదన్ని పెట్టినాయి. చాసీతో పాటు మధ్య బేరింగు పైకి పోయింది. ఇరుసు మాత్రం కిందనే ఉండాది. జాయింటు వెనక ముక్క నిచ్చెన మాదిరి ఏటవాలుగా దిగి ఉండాది. అంత వంపులో క్రాసు తిరగాలంటే ప్రతి చుట్టుకూ దానికి నడుము విరిగే పనే. దిగుడులో వేగం పెరిగితే వణుకు పెరుగుతాది. పెనుకొండ దాటిన కాడ మొదలైన వణుకు ధర్మవరం దగ్గరయ్యేసరికి క్రాసును తినేస్తాది. ఆడ ఎవరి అత్తగారి ఊరైనా ఒకటే.

తాడిపత్రిలో బండలు నింపినాక మళ్ళీ కింద దూరినా. హమాలీలు నన్ను చూసి, "ఈయప్పకు నిద్రొస్తాందేమో" అనుకున్నారు. బరువుకు పట్టీలు అణిగినాయి, చాసీ దిగింది, జాయింటు గీత గీసినట్టు తిన్నగా ఉండాది. తిరుగు దారిలో కాలు కింద ఒక్క ఈగ కూడా లేదు.

మేము ప్రతిసారీ లోడుతో ట్రయల్ చూసినాం. రోగం లోడుతో ఉంటే పోతాది. రోగిని మంచం మీద పండుకోబెట్టి, నడిస్తే నొప్పి అంటాడేమిటని తిట్టినట్టు ఉండాది మా వైద్యం.

మేస్త్రీకి చెప్పడం

తప్పు కనుక్కోవడం పనిలో సగమే. దాన్ని ఎవరికి, ఎట్ల చెప్పాలనేది మిగతా సగం. ఐటీఐలో ఇది చెప్పరు, చెప్పలేరు కూడా. నేను చెప్పాల్సింది రామాచారికి, రామాచారి పట్టీల గురించి.

శెట్టికి నేరుగా ఫోన్ చేసి చెప్పొచ్చు. దారంతా అది నోటి చివరే ఉండాది. కానీ ఒక మనిషి పనిలో తప్పును ఆ మనిషికి ముందు చెప్పకుండా బయట చెప్పేవాడు, తప్పు నిజమే అయినా, షెడ్డులో ఉండదగినవాడు కాదని నా లెక్క.

ఆయన టీ తాగేదాకా ఆగి, "మేస్త్రీ, శెట్టి బండి ఖాళీగా ఉన్నప్పుడు వణుకుతాంది. మీ పట్టీల ఎత్తుకు జాయింటు వంకరపడుతాంది" అన్నా.

గ్లాసు కింద పెట్టినాడు. "నా కట్టకు వంక పెడతాండావా?"

"కట్టకు కాదు మేస్త్రీ, కట్ట బాగుండాది. ఎక్కువ బాగుండాది."

"ఎగతాళి చెయ్యాకు."

"జీవితంలో మొదటిసారి ఎగతాళి చెయ్యడం లేదు. మీరు రాండి, కింద దూరి చూడండి."

"నా మోకాళ్ళు వంగే కాలంలో నువ్వు పలకా బలపం పట్టుకోని తిరుగుతాంటివి. నాకు చూపించాకు." లేచి కొలిమి దగ్గరికి పోయినాడు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. స్పానరు కావాలంటే గోడకు చెప్పినట్టు చెప్పినాడు.

ఓబులేసు పేరు నేను ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు. ఆయన కొట్టిన దెబ్బ మీద దెబ్బ వింటే తెలిసిపోతాంది, ఇనుము గురించి ఆలోచించడం లేదని.

మరుసటి రోజు పొద్దున బండలు దించేసిన లారీ షెడ్డులో ఖాళీగా నిలబడి ఉండాది. నేను పోయేసరికి దాని కింద నుంచి రెండు కాళ్ళు బయటికి కనబడినాయి. అరిగిన తోలు చెప్పులు. మోకాళ్ళ కింద గోనెసంచి పరుచుకొని దూరినాడు ముసలాయన. చాసీకి దారం కట్టి, కింద నట్టు వేలాడదీసి, జాయింటు వాలు చూస్తాండాడు. నేను పక్కన కూర్చున్నా. దారం ఊగడం ఆగేదాకా చూసినాడు. నేను ఏమీ అనకుండా అంతసేపు కూర్చున్నది అదే మొదలు.

కింద నుంచే, "నా పట్టీలు తప్పు చెయ్యలేదు రమణా" అన్నాడు. దారం విప్పుతా, "ఎక్కువ చేసినాయి" అన్నాడు.

తర్వాత, "ఆ పిల్లోడు యాడ ఉండాడు?" అన్నాడు.

ఎట్ల సరిచేసినాం

పనివాళ్ళ కోసం కొంచెం రాస్తా, మిగతావాళ్ళు దాటేయొచ్చు. పైన ఎక్కించిన పట్టీల్లో ఒకటి తీసేసినాం. రెండోదాని వంపు తగ్గించి మళ్ళీ వేసినాం. మధ్య బేరింగును పట్టుకున్న బ్రాకెట్టుకు ఇనుప పలక ప్యాకింగ్ ఇచ్చి కిందికి దించినాం. ఇరుసు మీద కట్ట కూర్చునే చోట, ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా చెక్కిన పలక దూర్చి, జాయింటు వచ్చి కలిసే ఇరుసు మూతిని కొంచెం పైకి తిప్పినాం. అప్పుడు ఖాళీగా ఉన్నా, లోడుగా ఉన్నా, జాయింటు ఒళ్ళు మరీ వంచుకోవాల్సిన పని లేదు. ఒకటి గుర్తు పెట్టుకోండి. బండిలో ఒక చోట మార్పు చేస్తే అది ఆడనే ఆగదు. ఒకరికి పెండ్లి చేస్తే ఇంట్లో అందరి మంచాలూ జరిగినట్టు, అన్నీ జరుగుతాయి. ఏది ఎంత జరిగిందో చూసుకోకుండా బండిని బయటికి పంపించవాకండి.

తీసిన పట్టీని మేస్త్రీ చేతిలో పట్టుకొని చివర ఉన్న నెలవంక చూసినాడు. కొలిమిలో పెట్టి, పలకలుగా నరికినాడు. ఇరుసు కింద దూర్చిన పలక ఆ పట్టీలోదే.

శెట్టికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పినాడు. శెట్టి, "సరే, ఆ పిల్లోన్ని వచ్చి తాళాలు తీసుకోమను" అన్నాడంట.

నేను గోరంట్ల పోయినా. ఓబులేసు ట్రాక్టరు ట్రాలీకి ఆనుకొని బీడీ కాల్చేవాని పక్కన నిలబడి, కాల్చకుండా ఉండాడు. అంతా విన్నాడు.

"తేనెటీగలు ఉండాయా లేదా?" అని అడిగినాడు.

"ఉండాయి. నన్ను కూడా కుట్టినాయి."

తల ఊపినాడు. "నేను శెట్టి అంగడికి రాను రమణన్నా. తాళాలు యాడ గుంజుకున్నాడో ఆడనే ఇమ్మను. ఆ నలుగురూ ఉన్నప్పుడే ఇమ్మను."

"పట్టుదలకు పోవాకప్పా, మంచి బండి."

"బండి ఇంకోటి దొరుకుతాది. నేను ఈడ ట్రాక్టరైనా తోలుకుంటా. నా పేరు పోయింది ఆ టీ అంగడి కాడ. వెతుక్కునేది కూడా ఆడనే."

జోకు ఒకటి నోటిదాకా వచ్చింది. మింగేసినా. అన్నిటికీ నవ్వించేవాడు ఎప్పుడు నోరు మూసుకోవాలో కూడా నేర్చుకోవాల. నేను ఆలస్యంగా నేర్చుకున్నా.

టీ అంగడి

శెట్టి ఒప్పుకోడనుకున్నా. వ్యాపారి నలుగురిలో తగ్గడమంటే మాటలు కాదు. "నేను బండి ఇస్తానంటాండా కదా, ఇంకా వీధిలో నిలబడాల్నా?" అన్నాడు. అప్పుడు మేస్త్రీ అన్నాడు, "మీరు ఊరికే నిలబడండి శెట్టిగారూ. మాట్లాడేది నేను."

పొద్దున పదిగంటల వేళ. హిందూపురం లారీ స్టాండులో డ్రైవర్లంతా టీ మీద ఉండారు. మేస్త్రీ, నేను బండిలో వచ్చి దిగి, అప్పటికే వచ్చి ఉన్న శెట్టికి తాళాలు ఇచ్చినాం. ఓబులేసు బస్సు దిగి వచ్చి, దూరంగా నిలబడినాడు. రామాచారి కొలిమి దగ్గర కట్టుకునే తోలు గుడ్డతోనే వచ్చినాడు. విప్పి రమ్మంటే, "పని మాట చెప్పడానికి పోతాండా, పనిబట్టల్లోనే పోతా" అన్నాడు.

"వినండప్పా" అన్నాడు. కొలిమి దగ్గర అరిచి అరిచి ఆయన గొంతు సంత దాకా వినబడుతాది. "ఈ బండి క్రాసులు ఇరిచింది ఓబులేసు కాదు. నా పట్టీలు ఇరిచినాయి. ఈ పిల్లోడు మొదటి రోజే ఖాళీ బండి వణుకుతాందని చెప్పినాడు. నేను వినలేదు. చూడకుండా వీని చెయ్యి మంచిది కాదన్నా. ఆ మాట తప్పు. దీన్ని కూడా మీ ఫోన్లలో వేసుకోండి."

టీ పోసేవాడు పోస్తా పోస్తా ఆగిపోయినాడు. వెనక నుంచి ఒకడు, "మేస్త్రీ, అయితే నా బండికి వేసిన పట్టీలు?" అన్నాడు. "నీది కూడా తీసుకురా, చూస్తా. నిన్ను కూడా చూస్తా, పోయిన పనికి ఇంకా డబ్బులు ఇవ్వలేదు" అన్నాడు మేస్త్రీ. అప్పుడు నవ్వినారు.

శెట్టి జేబులో చెయ్యి పెట్టినాడు. తాళాలు తీసి, ఓబులేసు దగ్గరికి తానే నడిచి పోయినాడు. "తీసుకోప్పా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆయనకు అంతకంటే రాదు. వచ్చినంత చేసినాడు.

ఓబులేసు తాళాలు తీసుకొని మేస్త్రీ పక్క చూసినాడు. "ఏమి మేస్త్రీ, మీ పట్టీలకు కూడా అత్తగారి ఊరు ధర్మవరం పక్కనేనా?"

"నోరుమూసుకొని బండెక్కు" అన్నాడు రామాచారి. కానీ ఆయన ముఖంలో ఎరుపు తగ్గింది.

ఇంకా ఒక సంగతి మిగిలింది. బండిని సరిచేసినాం గానీ ఖాళీగా దిగుడులో వేగం మీద ఎవరమూ తోలి చూడలేదు. మళ్ళీ వణికితే ఇంతమంది ముందర చెప్పిన మాటకు విలువ ఉండదు. మేస్త్రీ రూలు ఆ రోజు మారిపోయింది. ఖాళీ బండిలో ట్రయల్. శెట్టి కూడా వస్తానన్నాడు. "ఇన్నేండ్లు బండి నాదే గానీ ఖాళీగా ఉన్నప్పుడు ఎప్పుడూ ఎక్కలేదు" అన్నాడు.

క్యాబిన్లో నలుగురం ఇరుక్కున్నాం. ఓబులేసు స్టీరింగు కాడ, కిటికీ పక్కన శెట్టి, మధ్యలో మేమిద్దరం. సోమందేపల్లి దాకా శెట్టి పైన కడ్డీని రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాడు, బస్సులో మొదటిసారి ఎక్కిన ముసలామె మాదిరి. మేస్త్రీ చెప్పులు విడిచి, అరికాళ్ళు ఇనుప పలక మీద ఆనించి కండ్లు మూసుకున్నాడు. పెనుకొండ వచ్చింది. దాటింది. దిగుడు మొదలైంది. ఓబులేసు నన్ను ఒకసారి చూసి వేగం పెంచినాడు.

నేను కూడా చెప్పులు విడిచినా. ఇనుము చల్లగా ఉండాది. అంతే. ఇంకేమీ లేదు. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడితే వణుకు వస్తాదేమో అన్నట్టు.

ఎంతదూరం పోయినామో, నా పక్కన ఏదో శబ్దం. గుర్రుమని. మధ్య బేరింగేనా అనుకున్నా. తిరిగి చూస్తే శెట్టి. కడ్డీ వదిలేసి, తల కిటికీకి ఆనించి, నోరు తెరిచి నిద్రపోతాండాడు.

"చూడు ఓబులేసూ..." అని మొదలుపెట్టినా. వాడు పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

ధర్మవరం దారిలో వాని అత్తగారి పల్లె ముందర రోడ్డు మీద ఎత్తుగా స్పీడు బ్రేకరు గట్టు వేసినారు. చాలా ముందే ఓబులేసు వేగం తగ్గించినాడు. ఒక్కో గేరూ తెలియకుండా దించినాడు. ముందు చక్రాలు మెల్లగా ఎక్కించి, మెల్లగా దించినాడు. తర్వాత వెనకవి, శెట్టి తల అద్దానికి కొట్టుకోకుండా.